ఎడమకు లాగిన చక్రం

మా ఇంటి గేటు కింద జానెడు ఎత్తు నల్లరాతి గడప ఒకటి ఉంది. తాతగారు వేయించింది. ఎవరి బండైనా ఆ రాయి దగ్గర ఆగాలి, మనిషి దిగాలి, చెప్పులు విడిచి నడిచి లోపలికి రావాలి. ఆయన ఉద్దేశం అదే. ఒకసారి కలెక్టరు జీపు కూడా బయటే ఆగిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. అమృతలూరు దాటాక లోపలికి తిరిగే రోడ్డులో ఆ ఇల్లు. పొలాలు పోయాయి, రైసుమిల్లు పోయింది, సగం గదులకు తాళాలు పడ్డాయి, రాయి మాత్రం చెక్కు చెదరలేదు. ఆ ఇంటికి మిగిలిన ఒక్కదాన్ని నేను. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఊళ్ళో నన్ను ఇప్పటికీ పెద్దింటి ఆడపిల్ల అనే అంటారు.

ఆ రాయి వల్ల ఒక బడిపంతులు కుడిచెయ్యి పోయింది. రాయి వల్ల అనడం కూడా తప్పించుకోవడమే. నా వల్ల పోయింది. చెయ్యి పోవడం కంటే పెద్ద నష్టం ఆయనకు ఇంకొకటి చేశాను. దాని గురించే ఇది రాస్తున్నాను.

నాన్నగారు పోయే ముందు కొన్న చిన్న తెల్లకారు ఒకటి ఉంది. దాన్ని వీధికి అవతల మా స్థలంలో రేకుల షెడ్డు కింద పెట్టేవాళ్ళం. ఆ స్థలం కూడా అమ్మేశాక కారు ఇంట్లోకి రావలసి వచ్చింది. మొదటిరోజే దాని అడుగుభాగం గడపకు రాసుకుని కీచుమంది. రాతికి రెండువైపులా సిమెంటుతో వాలు పోయించాను. అయినా ముందు చక్రాలు దిగేసరికి నడుమ భాగం రాతి మీద కూర్చుంటోంది.

"నాలుగంగుళాలు కొట్టేస్తే చాలమ్మగారూ. మిషను పెడితే అరగంట పని," అన్నాడు తాపీ మేస్త్రి.

"రాయి జోలికి వెళ్ళొద్దు."

"మరి కారేమన్నా ఎగురుద్దా అండి?"

"కారునే ఎత్తిస్తాను," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది.

తెనాలిలో కాలువ పక్కన ఒక మెకానిక్కు ఉండేవాడు. నాన్నగారి కాలం నుంచి మా బండ్లు అతనే చూసేవాడు. విషయం విని తల గోక్కున్నాడు.

"ఇది జీపు కాదండి. ఎత్తితే దీని నడక మారిపోద్ది. ఎంత ఎత్తాలంటారు?"

"రాయి తగలనంత."

"రాతికి ఆది తీసుకుని కారు కుట్టడం నా సర్వీసులో ఇదే మొదలండి," అని నవ్వాడు. కానీ చేశాడు. మా ఇంటి మాట అతను ఎప్పుడూ కాదనలేదు. స్ప్రింగుల మీద రబ్బరు దిమ్మలు వేశాడు, పెద్ద కారు చక్రాలు తెచ్చి ఎక్కించాడు. కారు పొట్టిమనిషి ఎత్తుపీట మీద నిలబడ్డట్టు తయారైంది. గడప మాత్రం దాటింది.

తర్వాత చక్రాల అలైన్‌మెంటు చూపించమని అతనే చెప్పాడు. తెనాలిలోనే ఒక టైర్ల షాపులో మిషను ఉంటే వెళ్ళాను. నాలుగు చక్రాలకు నాలుగు పలకలు తగిలించారు. తెర మీద అంకెలన్నీ ఎర్రగా వచ్చాయి.

"మేడం, ముందు చక్రాలు లోపలికీ బయటికీ చూడకుండా కొంతవరకు సరిచేయగలను," అన్నాడు మిషను చూసే అతను. "చక్రం వాలుంది చూడండి, అది మాత్రం కంపెనీ లెక్కలోకి రాదు. ఎత్తు దించేయండి. అయినా ఈ మార్పు ఆర్టీవో ఆఫీసులో రాయించారా? ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పారా?"

"నా కారు నేను ఎత్తించుకోవడానికి ఎవరికి చెప్పాలి?"

"మీ ఇష్టం మేడం," అని ఆ ఎర్ర అంకెల కాగితం చేతిలో పెట్టాడు.

మళ్ళీ మెకానిక్కు దగ్గరికే వెళ్ళాను. చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు రంధ్రాలను అతను గ్రైండరుతో కొంచెం సాగదీశాడు. గుండుదారం వేలాడదీసి కంటిచూపుతోనే చక్రం వాలు సరిచేసి బోల్టులు బిగించాడు. "నెలకోసారి తెచ్చి బిగింపు చూపించండి అమ్మగారూ, మర్చిపోవద్దు," అన్నాడు. రెండు నెలలు తీసుకెళ్ళాను. తర్వాత మానేశాను.

కారు ఎడమకు లాగడం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. కుడిచేత్తో కొంచెం పట్టి ఉంచితే తిన్నగా పోయేది. దాన్ని నేను లోపమనుకోలేదు. నా అదుపులో ఉందనుకున్నాను.

ఆ రోజు ఏప్రిల్ ఎండ. రేపల్లెలో మా మేనత్తను చూసి, అక్కడి నుంచి బాపట్లలో బంధువుల గృహప్రవేశానికి బయలుదేరాను. బస్సులో వెళ్ళొచ్చు. బస్సు దిగి చెమటలు కక్కుతూ బంధువుల గుమ్మం ఎక్కడం నాకు నామోషీ. దారి పొడుగునా రోడ్డు అంచున మొక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. ఒకచోట ఎడమవైపు పొలాల్లోంచి వచ్చే డొంక ఉంది. డొంక మొదట్లో ఒకాయన మోపెడ్ ఆపి, ఒక కాలు నేలకు ఆనించి, నేను వెళ్ళిపోవడం కోసం ఆగి ఉన్నాడు. తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి. నన్నే చూస్తున్నాడు. ఆయనకు చోటివ్వాలని స్టీరింగు కుడికి తిప్పాను.

ఎడమ చక్రం తారు అంచున గుంటలో పడి లేచింది. కింద ఎక్కడో ఠక్కుమని ఒక చప్పుడు. నా చేతులు కుడికి తిప్పుతూనే ఉన్నాయి, కారు ఎడమకు పోయింది. ఆయన ముఖం కారు ముందు అద్దంలోంచి పెద్దదవుతూ వచ్చింది. ఆ ముఖంలో నాకు భయం కనిపించలేదు. ఆయన నా చేతులనే చూస్తున్నాడు. చూస్తున్నది అర్థంకాక కనుబొమలు ముడిచాడు. అంతే.

మొక్కజొన్న ఊడుస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆయన పక్క ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారని వాళ్ళ ఏడుపుల్లోనే తెలిసింది. లూథరన్ చర్చి పక్కనే ఇల్లట. ఆయన తండ్రి ఒకప్పుడు మా పొలాల్లోనే పనిచేశాడట. ఇది తర్వాత ఎప్పుడో విన్నాను.

పోలీసు స్టేషనులో హెడ్డు కానిస్టేబులు మా ఊరి పక్కవాడే. నాకు కుర్చీ వేయించి కాగితం తనే రాసుకున్నాడు. డొంకలోంచి మోపెడ్ చూసుకోకుండా రోడ్డెక్కిందనీ, కారు వేగంగా ఉందనీ, తప్పు ఇద్దరిదీ అన్నట్టూ రాశాడు. మోపెడ్ రోడ్డెక్కిందని నేను చెప్పలేదు. కానీ ఆ కాగితం చదివాను. చదివి సంతకం పెట్టాను.

కారును తెనాలి తెచ్చి మెకానిక్కు షెడ్డులో పెట్టారు. మర్నాడు ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు వస్తాడనగా మెకానిక్కు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"ఆ దిమ్మలు తీసేసి పాత చక్రాలు ఎక్కించేస్తానండి. సాగదీసిన చోట బోల్టు జారి ఆ ముక్క ఎలాగూ వంగింది, కొత్తది వేసేద్దాం. మీరు ఊ అంటే చాలు."

నేను ఊ అనలేదు. వద్దనీ అనలేదు. చీరకొంగు సర్దుకుని బయటికి వచ్చేశాను. అతనికి అది చాలింది.

సర్వేయరు చూసి వెళ్ళాడు. నాకొక ఫారం ఇచ్చారు. కంపెనీ తయారుచేసినదానికి భిన్నంగా వాహనంలో మార్పులేమైనా ఉన్నాయా అని అందులో ఒక ప్రశ్న. "లేవు" అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచి పేరు. ఆ రెండక్షరాలు కూడా ముత్యాల్లా వచ్చాయి. ఇప్పటికీ ఏ కాగితం మీదైనా ఆ మాట రాయవలసి వస్తే కలం పక్కన పెట్టి, ఇంకో మాట వెతుక్కుంటాను.

వారం తర్వాత మాస్టారిని చూడడానికి ఆసుపత్రికి వెళ్ళాను. కుడి మోచెయ్యి నుజ్జయింది. తలకు కట్టు. ఆయన భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి ఆ స్టూలు నాకు వేసింది. నేను కూర్చున్నాను. అదీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. పళ్ళు బల్లమీద పెట్టాను.

మాస్టారు నా చేతుల వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "అమ్మగారూ, మీరు స్టీరింగు కుడికే తిప్పారు కదండీ? నేను చూశాను. మీ రెండు చేతులూ కుడికి తిప్పాయి. కారు నా మీదికి ఎందుకొచ్చిందండి?"

ఆయన గొంతులో తప్పు పట్టడం లేదు. లెక్క కుదరక మళ్ళీ మొదటి నుంచి చేస్తున్న మనిషి గొంతు అది. ఆ క్షణంలో సమాధానం నా నోటిదాకా వచ్చింది. నా నోరు ఇంకొకటి చెప్పింది.

"తలకు దెబ్బ తగిలింది కదా మాస్టారూ. అలాంటప్పుడు సరిగ్గా గుర్తుండదు. ఎక్కువ ఆలోచించకండి."

చాలా ఆప్యాయంగా అన్నాను. ఆయన భార్య వైపు చూశారు. ఆమె "అవునండి, డాక్టరు గారు కూడా తల అలసిపోనివ్వొద్దన్నారు" అంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ కనుబొమలు ముడుచుకునే ఉన్నాయి.

ఆ తర్వాత రెండేళ్ళు నేను మామూలుగానే బతికాను. బ్యాంకుకు వెళ్ళాను, కూరలు తెచ్చుకున్నాను, శుక్రవారాలు గడపకు పసుపు రాశాను. కాని రోడ్డు మీద నడుస్తుంటే ఎడమ పక్కన ఎవరో ఒక కాలు నేలకు ఆనించి ఆగి ఉన్నట్టు ఉండేది. తల తిప్పితే ఎవరూ ఉండరు. తెనాలి స్టేషనులో రైలు కోసం నిలబడితే ఆ వైపే. చేబ్రోలు గుళ్ళో వరసలో నిలబడితే ఆ వైపే. ఆ మనిషి నన్నేమీ అనడు, నేను కదిలిపోవడం కోసం ఆగి ఉంటాడు. ఆ వైపు చోటు వదిలి నిలబడడం నాకు అలవాటైపోయింది. వెనక ఉన్నవాళ్ళు "ముందుకు జరగండమ్మా" అనేవారు.

మాస్టారు నష్టపరిహారానికి బాపట్ల కోర్టులో కేసు వేశారు. కారు నాది కనుక నేనూ, ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళూ ప్రతివాదులం. నా లాయరు దూరపు బంధువు, నన్ను పిన్నిగారూ అంటాడు.

"మీరు రానక్కర్లేదు పిన్నిగారూ. కంపెనీ లాయరే చూసుకుంటాడు. మాస్టారిదీ తప్పేనని తేలితే పరిహారం తగ్గుద్ది, మనకేం పోదు," అన్నాడు.

అయినా మాస్టారు సాక్ష్యం చెప్పే రోజున వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. ఆయన బోనులో నిలబడ్డారు. కుడిచెయ్యి ముడిచి పొట్టకు ఆనించి ఉంది. ఎడమచేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకున్నానని, నెమ్మదిగా వస్తోందని జడ్జిగారు అడిగితే చెప్పారు. తర్వాత కంపెనీ లాయరు లేచాడు.

"మీకు తలకు దెబ్బ తగిలింది కదా?"

"అవునండి."

"ఆవిడ స్టీరింగు కుడికి తిప్పితే కారు ఎడమకు వచ్చిందని అర్జీలో రాయించారు. అలా ఎక్కడన్నా జరుగుద్దా మాస్టారూ? మీరు లెక్కలు చెప్పే మనిషి."

కోర్టులో ఎవరో నవ్వారు.

"నేను అలాగే చూశానండి."

"చూశాననుకుంటున్నారు. పొరపాటు కావచ్చా, కాకూడదా?"

మాస్టారు తల తిప్పారు. వెనక కూర్చున్న నా వైపు చూశారు. "పొరపాటే అయి ఉంటుందండి," అన్నారు. "ఆసుపత్రిలో అమ్మగారు కూడా అదే చెప్పారు. ఆ ఇంటివాళ్ళు అబద్ధం చెప్పే మనుషులు కాదండి. మా నాన్న ఎప్పుడూ అనేవారు. అందుకని నా కళ్ళనే నమ్మడం మానేశాను. ఇప్పుడు పిల్లలకి లెక్క చేసి చూపించి, వెనక్కి తిరిగి, ఒరేయ్ సరిగ్గానే వేశానా అని వాళ్ళనే అడుగుతున్నానండి."

ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు దాన్ని ఒక్క వాక్యంగా ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించారు. ఆయన చూసింది పొరపాటు కావచ్చని సాక్షి ఒప్పుకున్నట్టు.

మా ఇంటి పేరు ఎన్నో చోట్ల ఎంతోమంది నోట విన్నాను. పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో. విన్నప్పుడల్లా నా వెన్ను నిటారయ్యేది. ఆ రోజు మొదటిసారి అది నన్ను వంచింది. మా తాతగారి మాటను ఆ మనిషి తండ్రి నమ్మాడు, ఆ నమ్మకాన్ని కొడుక్కు ఇచ్చాడు, దాన్ని తీసుకుని కొడుకు తన కళ్ళను కాదనుకున్నాడు. మాకు మిగిలిందల్లా ఆ మాటేననీ, దాన్ని కూడా నేను ఖర్చుపెట్టేశాననీ ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

బయటికి వచ్చి లాయరుకు జరిగింది మొత్తం చెప్పాను. దిమ్మలు, చక్రాలు, సాగదీసిన రంధ్రాలు, ఫారంలో నా అక్షరాలు. అతను చుట్టూ చూసి నన్ను గోడవైపు తీసుకెళ్ళాడు.

"ఇది ఎవరికీ చెప్పలేదు కదా? పిన్నిగారూ, జాగ్రత్తగా వినండి. అలైన్‌మెంటు కంపెనీ లెక్క ప్రకారం సరిచేయించుకుంటే దాన్ని ఎవరూ తప్పనరు, అది బండిని చూసుకోవడమే. మీరు చేయించింది అది కాదు. బండి ఎత్తూ చక్రాలూ మార్చి, రిజిస్ట్రేషనులో రాయించకుండా, ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పకుండా రోడ్డు మీద తిప్పారు. మోటారు వాహనాల చట్టం దానికి ఒప్పుకోదు. పైగా మార్పులు లేవని రాసిచ్చి కారు రిపేరు క్లెయిము తీసుకున్నారు. అది మోసమంటారు. కేసు పెట్టినా పెడతారు."

"మాస్టారి సంగతేంటి? నేను చెబితే ఆయనకు రావలసింది ఆగిపోతుందా?"

"చాలావరకు ఆగదు. బయటి మనిషికి దెబ్బ తగిలింది కనుక ముందు కంపెనీని కట్టమని, తర్వాత మీ దగ్గర రాబట్టుకోమని కోర్టు చెప్పొచ్చు. మీ దగ్గరంటే ఏముంది పిన్నిగారూ? ఆ ఇల్లొక్కటే. అడగని మాట మనం చెప్పడం ఎందుకు?"

"ఆయన అడిగాడు," అన్నాను. "ఆసుపత్రిలో అడిగాడు."

తర్వాతి వాయిదాకు నేనే బోనెక్కాను. లాయరు ఫైలులో తల దించుకుని కూర్చున్నాడు. నేను తెలుగులో చెబుతుంటే జడ్జిగారు ఒక్కొక్క వాక్యాన్నీ ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసే అమ్మాయికి చెబుతున్నారు. అందుకని ప్రతి వాక్యం తర్వాత ఆగాలి. గడప గురించి చెప్పి ఆగాను. కారు ఎత్తించడం గురించి చెప్పి ఆగాను. మిషను మనిషి హెచ్చరించాడని, బిగింపు చూపించడం మానేశానని చెప్పి ఆగాను. ఆగిన ప్రతిసారీ టైపు మిషను చప్పుడు. మోపెడ్ కదల్లేదు, డొంక మొదట్లోనే ఆగి ఉంది. స్టీరింగు కుడికి తిప్పాను. కారు ఎడమకు వెళ్ళింది. సర్వేయరు రాకముందే మార్పులు తీయిస్తుంటే తెలిసి ఊరుకున్నాను. మాస్టారు చూసింది నిజం. తలకు దెబ్బ తగలడం వల్ల అలా అనిపించిందని నేను ఆయనతో అన్నది అబద్ధం.

కంపెనీ లాయరు అప్పటికే లేచి నిలబడి ఏదో రాసుకుంటున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, "చివరి మాట కూడా రికార్డు చేయమంటారా?" అని నన్ను అడిగారు. చేయమన్నాను.

అప్పుడు వెనక బల్ల మీద నుంచి మాస్టారు లేచారు. "క్షమించాలి సార్. నాకు ఇంగ్లీషు వచ్చు గానీ, మా ఆవిడకు రాదండి. అది ఒకసారి తెలుగులో చదివించగలరా?"

లాయర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జడ్జిగారు కొంచెం ఆలోచించి గుమాస్తాకు తల ఊపారు. ఆ గుమాస్తా కాగితం పట్టుకుని మెల్లగా, తడుముకుంటూ నా మాటల్ని తిరిగి తెలుగులోకి తెచ్చాడు. నేను బోనులోనే నిలబడి విన్నాను. మాస్టారి భార్య ముందుకు వంగి వింది. కుడి, ఎడమ అనే మాటలు వచ్చినచోట మాస్టారు కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు, తన లెక్కతో సరిపోల్చుకుంటున్నట్టు. చదవడం అయిపోయాక ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను.

తీర్పు లాయరు చెప్పినట్టే వచ్చింది. మాస్టారి తప్పేమీ లేదని కూడా అందులో రాశారు. ఇల్లు అమ్మకానికి పెట్టాను, కొనే మనుషులు వచ్చి చూసి వెళుతున్నారు. ఫారం మీద కేసు ఇంకా నడుస్తోంది. అవన్నీ నాకు బాధగానే ఉన్నాయి, ఉండవని అనను. కాని ఎడమవైపు ఆగి ఉన్న మనిషి ఇంకా ఆగే ఉన్నాడు. అన్నీ చెప్పేస్తే వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు.

నేను సాక్ష్యం చెప్పిన రోజున కోర్టు వరండాలోకి వచ్చేసరికి వాళ్ళిద్దరూ మెట్ల దగ్గర ఉన్నారు. మాస్టారు నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తి నమస్కారం పెట్టారు. క్షమించానని అనలేదు. అనవలసిన అవసరం ఆయనకు లేదు. "నేను చూసింది సరిగ్గానే చూశానండి," అన్నారు, నాతో కాదు, భార్యతో. మెట్లు దిగి వెళ్ళి మోపెడ్ దగ్గర నిలబడ్డారు. ఇప్పుడు దాన్ని ఆమే నడుపుతుంది.

ఆమె మాత్రం కదల్లేదు. నన్ను పైనుంచి కిందికి చూసింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఏంటండి అమ్మగారూ, ఆ రోజు నేను మీకు స్టూలు వేశాను కదా. అప్పుడే చెప్పేస్తే మీకేం పోయేదండి?"

ఏం పోయేదో నాకు తెలుసు, ఆ రాయీ దాని వెనక ఇంటి పేరూ. ఆమెకు చెబితే అర్థమవుతుంది కూడా. చెప్పడానికి సిగ్గేసి, అలాగే నిలబడ్డాను. ఆమె ఒక నిమిషం ఆగి, చెప్పననుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.